తాడు ఎవరి చేతిలో?

నా లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ ఉంది. అందులో 42 వరసలు, మిగిలిన 195 మీటర్లకి ఇంకొకటి. ఏ కిలోమీటరు ఎంతసేపట్లో పరిగెత్తాలి, ఎక్కడ ఫ్లైఓవర్ వస్తుంది, ఎక్కడ జెల్ తినాలి, ఎక్కడ ఉప్పు బిళ్ళ వేసుకోవాలి, అన్నీ రాసి ఉన్నాయి. ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్. నెక్లెస్ రోడ్డు దగ్గర ఇంకా చీకటుండగానే మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. నేను అనుకున్న టైము నాలుగున్నర గంటలు, అంటే సగటున కిలోమీటరుకి 6 నిమిషాల 24 సెకన్లు. మొదటి పది కిలోమీటర్లూ 6:35 కంటే వేగంగా వెళ్ళకూడదని ఎర్ర రంగులో రాసుకున్నాను. పొద్దున్నే చల్లగాలికి, పక్కన జనానికి కాళ్ళు మన మాట వినవు. అక్కడ ఎక్కువ ఖర్చుపెట్టినదంతా చివరి పది కిలోమీటర్లలో వడ్డీతో కట్టాలి.

కిందటేడు కూడా ఇలాంటి షీటే ఉంది. 32వ కిలోమీటరు దాకా దాన్ని పొల్లుపోకుండా పాటించాను. తర్వాత ఎండొచ్చింది, ఉక్క మొదలైంది. 37 దగ్గర ఒక వాలంటీర్ కుర్రాడు నా మోచెయ్యి పట్టుకుని, “మేడమ్, కాసేపు కూర్చోండి” అన్నాడు. “బాగానే ఉన్నా” అని చెయ్యి విదిలించుకున్నాను. అక్కడిదాకే గుర్తుంది. మళ్ళీ గుర్తున్నది మెడికల్ టెంటు, చేతికి సెలైన్, పక్కన తమ్ముడు ఫోన్లో అమ్మతో “ఏం లేదమ్మా, అక్క నీళ్ళు తాగుతోంది” అని అబద్ధం చెప్పడం. మధ్యలో ఐదు కిలోమీటర్లు నా దగ్గర లేవు. ఫినిష్ లైన్ ఫోటో మాత్రం ఉంది. అందులో చేతులెత్తి నవ్వుతున్నాను.

ఆఫీసులో అందరూ “విల్‌పవర్ అంటే అదీ” అన్నారు. కొన్నాళ్ళు నేనూ అదే అనుకున్నాను. తమ్ముడు మాత్రం ఆ ఫోటో వంక ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

ఈసారి షీట్ తెరిచి కూర్చుంటే అంకెల కంటే ముందు ఒక ప్రశ్న అడ్డం పడింది. ఈ ప్లాన్ రాస్తున్నది ఏసీ గదిలో, కడుపు నిండా తిని, కాఫీ తాగుతున్న నేను. దాన్ని అమలు చెయ్యాల్సింది 35వ కిలోమీటరులో ఉన్న నేను. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న గ్లైకోజెన్ చాలామందికి 30 దాటాక అడుగంటుతుంది. కాళ్ళు బరువెక్కుతాయి, బుర్ర కూడా మందగిస్తుంది. చిన్న కూడిక కూడా తేలదు. ఆ మనిషికి ఈ మనిషి హుకుం జారీ చెయ్యొచ్చా? చేస్తే ఆవిడ వినాలా? ఇద్దరిలో అసలైన నేను ఎవరు?

దీనికి పాత జవాబొకటి ఉంది. హోమర్ ‘ఒడిస్సీ’లో ఓడ సైరన్ల దీవి పక్కనుంచి వెళ్ళాలి. వాళ్ళ పాట విన్నవాడు తిరిగి ఇంటికి చేరడు. ఒడిస్యూస్ తన మనుషుల చెవుల్లో మైనం పెట్టి, తనని మాత్రం తెరచాప కొయ్యకి కట్టెయ్యమంటాడు. విప్పమని బతిమాలితే ఇంకా గట్టిగా బిగించమని ముందే చెప్తాడు. నార్వేకి చెందిన యోన్ ఎల్‌స్టర్ ఈ కథనే పట్టుకుని 1979లో ‘యులిసిస్ అండ్ ది సైరెన్స్’ అనే పుస్తకం రాశాడు. బలహీనపడబోతున్నామని ముందే తెలిసినవాడు, తెలివి ఉన్నప్పుడే తన చేతులు కట్టేసుకోవడం కూడా ఒక రకం వివేకమే అంటాడు. అలారం గడియారాన్ని మంచానికి దూరంగా పెట్టి పడుకునే ప్రతివాడూ చిన్న ఒడిస్యూసే. కిందటేటి నా షీట్‌లో 35వ వరసలో “ఏమైనా సరే ఆగొద్దు” అని ఉంది. అదీ అలాంటి తాడే.

మారథాన్లో ఆ గొంతు ఎలాగూ వస్తుంది. “ఇక చాలు, నడువు, ఎవరు చూడొచ్చారు” అంటుంది. దాన్ని సైరన్ అనుకోవాలని మా రన్నింగ్ గ్రూపులో సీనియర్లందరూ చెప్తారు. చాలాసార్లు అది నిజం కూడా. చిక్కేమిటంటే, శరీరం నిజంగా ప్రమాదంలో పడ్డప్పుడు కూడా ఇదే గొంతుతో, ఇవే మాటలతో పిలుస్తుంది. లోపల ఉన్నవాళ్ళకి తేడా తెలియదు. పైగా బాగా ముదిరాక ఆ గొంతు అసలు వినిపించదు. 37 దగ్గర నేను చెప్పిన “బాగానే ఉన్నా” అబద్ధం కాదు. ఆ క్షణంలో నాకు అలాగే అనిపించింది.

ఒడిస్యూస్ కథలో నాకు ఇబ్బందిగా తోచేది ఆ మైనం. కొయ్యకి కట్టేసినవాడికి నిజంగానే ప్రాణం మీదికొచ్చి ఉంటే? తెడ్లు వేసేవాళ్ళు వినలేరు. గింజుకోవడం చూసి ఇంకా గట్టిగా బిగిస్తారు. పాట మాయ చేస్తుందని అనుకున్నాడు కానీ, తాను నిజం చెప్పే అవకాశం కూడా ఉందని అనుకోలేదు. నా షీట్‌లో ఉన్న తాడుకి అయితే మైనం కూడా అక్కర్లేదు. అంకెలకి చెవులే లేవు.

1984 ఆగస్టు 5న లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్ చరిత్రలో మొదటి మహిళల మారథాన్ జరిగింది. జోన్ బెనోయిట్ గెలిచింది. ఆమె వెళ్ళిన ఇరవై నిమిషాలకి స్విట్జర్లాండ్ తరఫున పరిగెత్తిన 39 ఏళ్ళ గాబ్రియేలా ఆండర్సన్-షీస్ స్టేడియంలోకి వచ్చింది. ఒళ్ళు ఒక పక్కకి ఒరిగిపోయింది, ఒక చెయ్యి వేలాడుతోంది. డాక్టర్లు దగ్గరికొస్తే వద్దని పక్కకి జరిగింది. ముట్టుకుంటే డిస్‌క్వాలిఫై అవుతుంది మరి. ఆ చివరి 400 మీటర్లకి ఆమెకి దాదాపు ఆరు నిమిషాలు పట్టింది. 37వ స్థానంలో పూర్తిచేసింది.

ఆ వీడియో చూసి పట్టుదల గురించి మాట్లాడేవాళ్ళే ఎక్కువ. నా కళ్ళు మాత్రం ట్రాక్ పక్కన నడుస్తున్న డాక్టర్ల మీదే ఉంటాయి. ఆమెకి ఇంకా చెమట పోస్తోందని చూసి వెళ్ళనిచ్చారట. చెమట ఒక్కటే చూసి నమ్మడానికి లేదు. పరిగెత్తేవాళ్ళకి చెమట కారుతుండగానే వడదెబ్బ తగలొచ్చు. తూలడం, మాట తడబడటం అంతకంటే పెద్ద గుర్తులు. కాబట్టి వాళ్ళ నిర్ణయం సరైనదా అని ఇవాళ వాదించుకోవచ్చు. అయినా ఆ నిర్ణయం ఆమె ఒక్కదానిదే కాలేదు. చెవుల్లో మైనం లేని మనుషులు పక్కనే నడుస్తూ, ప్రతి అడుగుకీ మళ్ళీ ఆలోచించుకుంటూ వచ్చారు.

అందుకే ఈసారి 35వ వరస చెరిపేశాను. 36 దగ్గర తమ్ముడు నిలబడతాడు. అక్కడ వాడు నన్ను ఆపి మూడు విషయాలు చూస్తాడు. తిన్నగా నడుస్తున్నానా, ఒళ్ళు చలితో వణుకుతోందా, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్తున్నానా. ఒక్కటి తేడాగా ఉన్నా రేసు అక్కడితో అయిపోయినట్టే. నిర్ణయం వాడిది.

ఇది బాధ్యత తప్పించుకోవడం కాదా అని ఒక స్నేహితురాలు అడిగింది. నీ ఒళ్ళు, నీ రేసు, నిర్ణయం ఇంకొకరి చేతిలో ఎందుకు అంది. నిజానికి నా ఒళ్ళు నా ఒక్కదానిదే అని కిందటేడు నేనూ అనుకున్నాను. ఆ లెక్క టెంటులో తప్పింది. నాకు గుర్తులేని ఐదు కిలోమీటర్లూ వాడు ఫినిష్ లైన్ దగ్గర యాప్ చూస్తూ, ఫోన్లో అమ్మకి సర్దిచెప్తూ నిలబడ్డాడు. నా వరకు అది ఖాళీ. వాడికి మాత్రం ఒక్కో నిమిషం గుర్తుంది.

షీట్ చూపిస్తే వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఇంట్లో చిన్నప్పట్నుంచీ హుకుం నాది, పాటించడం వాడిది. చివరికి, “నేను పొరపాటున ఆపేశాననుకో. ఇంకో ఆరు కిలోమీటర్లే కదా, అయ్యేదేమో అని జీవితాంతం అంటావు అక్కా” అన్నాడు.

నాకు తట్టని సంగతి అది. తాడు వాడి చేతికిచ్చి, పట్టుకున్నందుకు వాడినే సాధించే హక్కు నా దగ్గరే ఉంచుకున్నాను. నమ్మడమంటే వాడి తీర్పు ఒప్పైతేనే ఒప్పుకోవడం అయితే, అందులో నేను ఇచ్చింది ఏమీ లేదు.

షీట్‌లో 44వ వరస చేర్చాను: “వాడు ఆపితే ఆగాలి. తర్వాత కూడా ఏమీ అనకూడదు.” పేస్, జెల్, ఉప్పు అన్నీ ప్రాక్టీసులో పరీక్షించుకున్నాను. ఈ ఒక్కదానికీ ప్రాక్టీసు లేదు. వాడు అది చదివి, “సంతకం పెట్టు” అన్నాడు. ఎక్సెల్‌లో సంతకం ఎలా పెడతారో తెలియక ప్రింట్ తీయించి పెట్టాను. ఇప్పుడది వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉంది.