లేడు అన్న మాట

తెలుగులో ‘లేడు’ అన్న మాట మూడు పనులు చేస్తుంది. ఇంట్లో లేడు. ఈ లోకంలో లేడు. అసలు అలాంటివాడే లేడు. మూడింటికీ క్రియ ఒకటే, ఏదో తేల్చుకోవడం వినేవాడి వంతు. గల్ఫ్‌కి మనుషుల్ని పంపిన ఇళ్లలో పిల్లలకు ఈ తేడా బాగా తెలుసు. ఎవరైనా వచ్చి ‘మీ నాన్న ఉన్నాడా?’ అని అడిగితే ‘లేడు, దుబాయ్‌లో ఉన్నాడు’ అని ఒక్క గుక్కలో చెప్పేస్తారు. సగంలో ఆగితే ఇంట్లోంచి అమ్మ కసురుతుంది.

దేవుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెద్దవాళ్లమంతా సగంలోనే ఆగిపోతాం.

నేనుండే అల్ నహ్దా రెండు ముక్కలు. ఒకటి దుబాయ్‌లో, ఇంకొకటి షార్జాలో, పక్కపక్కనే. మాది షార్జా వైపు. అద్దె తక్కువ, ట్రాఫిక్ ఎక్కువ. నహ్దా అంటే లేవడం, మేల్కొనడం. పంతొమ్మిదో శతాబ్దంలో అరబ్ భాషలో, ఆలోచనలో వచ్చిన పునరుజ్జీవనాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. ఇక్కడికి వచ్చే ప్రతివాడూ వీసా దరఖాస్తులో మతం అన్న గడి నింపే వస్తాడు. ఆ గడి ముందు పెన్ను ఆపి ఆలోచించినవాణ్ణి నేను చూడలేదు. అమ్మానాన్నలది ఏదైతే అదే. నమ్మకం సంగతి అందులో ఎవరూ అడగరు. అడగకపోవడమే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే అడిగితే ఏ మాటతో జవాబు చెప్పాలో చాలామందికి తెలియదు. ఆస్తికుడు, నాస్తికుడు అన్న రెండు మాటలూ మనం అనుకుంటున్నంత నిలకడగా ఎప్పుడూ లేవు.

ఆ మాటల పుట్టుక పాణిని దగ్గర కనిపిస్తుంది. అష్టాధ్యాయి నాలుగో అధ్యాయంలో ఒక చిన్న సూత్రం ఉంది. ‘ఉంది’ అనే బుద్ధి గలవాడు ఆస్తికుడు, ‘లేదు’ అనేవాడు నాస్తికుడు. ఏది ఉంది, ఏది లేదు అన్నది ఆయన చెప్పలేదు. వ్యాకరణకర్తకు అంతకన్నా అక్కర్లేదు. ఆ ఖాళీని తర్వాతివాళ్లు తమకు తోచినట్టు నింపుకున్నారు. పాణినికి వ్యాఖ్యానంగా కాశికావృత్తి రాసినవాళ్లు ‘పరలోకం’ అని నింపారు. మనుస్మృతి వేదాన్ని నిందించేవాణ్ణి నాస్తికుడంది. దేవుడన్న మాట రెండుచోట్లా లేదు. అందుకే సృష్టికర్త అక్కర్లేదని గట్టిగా వాదించిన మీమాంసకులు, ఈశ్వరుడి ఊసెత్తని సాంఖ్యులు వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి ఆస్తికుల వరసలో కూర్చున్నారు. పరలోకాన్నీ కర్మఫలాన్నీ నమ్మే జైనులేమో బయట నిలబడ్డారు. జైనుడైన హరిభద్రసూరి తన షడ్దర్శన సముచ్చయంలో జైనుల్నీ బౌద్ధుల్నీ ఆస్తికుల్లోనే లెక్కవేశాడు. గీత గీసేవాడు ఎటు నిలబడితే అవతలివాడు నాస్తికుడు.

అదే సూత్రంలో పాణిని మూడోవాణ్ణి కూడా చెప్పాడు, దైష్టికుడని. విధిని నమ్మేవాడు. ఈ మాట మన వాడుకలోంచి జారిపోయింది కానీ మనిషి ఎక్కడికీ పోలేదు. అల్ నహ్దాలో ఏ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో చూసినా వాడే. ‘రాసిపెట్టి ఉంటే వీసా రెన్యూ అవుతుంది, లేకపోతే లేదు’ అంటాడు. దేవుణ్ణి మధ్యలోకి లాగడు.

గ్రీకుల దగ్గరా ఇదే తంతు. క్రీ.పూ. 399లో సోక్రటీసు మీద మోపిన నేరాల్లో నగరం కొలిచే దేవతల్ని గుర్తించడం లేదన్నది ఒకటి. దేవుళ్లే లేరని ఆయన అన్నాడని కాదు. తర్వాత రోమన్లు తొలినాటి క్రైస్తవుల్ని ‘అథియోస్’ అని తిట్టారు. ఏకేశ్వరుణ్ణి కొలిచేవాళ్లను! విగ్రహాలకు బలులివ్వరు కాబట్టి ఆ పేరు తగిలించారు. రెండో శతాబ్దంలో జస్టిన్ మార్టిర్ దానికి చక్కటి జవాబు చెప్పాడు. మీరు చెప్పే ఆ దేవుళ్ల విషయంలో అయితే మేం నాస్తికులమే అని ఒప్పేసుకున్నాడు. ఇంగ్లీషులో ‘ఎథీయిస్ట్’ అన్న తిట్టు పదహారో శతాబ్దానికే ఉంది. ‘థీయిజం’ అన్న మాట పదిహేడో శతాబ్దంలో, రాల్ఫ్ కడ్‌వర్త్ లాంటివాళ్ల రాతల్లో వచ్చింది. అంటే కాదన్నవాడికి ముందు పేరు పెట్టి, ఆ తర్వాతే ఔనన్నవాళ్లు తమకొక పేరు వెతుక్కున్నారు. అందరూ నమ్మేచోట నమ్మేవాడికి పేరెందుకు?

నాస్తికుణ్ణి అరబీలో ‘ముల్‌హిద్’ అంటారు. ఆ ధాతువుకు అర్థం పక్కకు ఒరగడం, దారి తప్పడం. సమాధి గోతిలో పక్కగా తొలిచే గూటిని ‘లహద్’ అనడమూ అందులోంచే. ‘దహ్రీ’ అని ఇంకో పాత మాట ఉంది. కాలమే మనిషిని పుట్టిస్తుంది, కాలమే చంపుతుంది, అంతకు మించి ఏమీ లేదనేవాడు. మన హైదరాబాద్ ఉర్దూలో ‘దహరియా’ అంటే వాడే. మా కింది అంతస్తులో ఉండే పాతబస్తీ పెద్దాయన ఒకసారి నాతో అన్నాడు, ‘మా కలిమా మొదటి మాటే లా, అంటే లేదు’ అని. వేరే దేవుడు లేడని కొట్టేశాకే అల్లా ఒక్కడి దగ్గరికి వెళ్తుంది ఆ విశ్వాస వాక్యం. ఆయన అది గర్వంగా చెప్పాడు, నేనూ అలాగే విన్నాను.

తెలుగులో ఇంకో చిక్కు. సంస్కృతంలో ‘ఉంది’ అనే ‘అస్తి’కి లింగం లేదు. మనం ‘ఉన్నాడా’ అనగానే దేవుణ్ణి మగవాణ్ణి చేసేశాం. ఇక అక్కడ్నుంచి గడ్డం, సింహాసనం, కోపం అన్నీ వచ్చి చేరతాయి. పోలేరమ్మ ఉందా లేదా అని మా ఊళ్లో ఎవరూ వాదించుకోగా నేను వినలేదు. అమ్మవారికి కోపం వచ్చిందా, జాతర ఎప్పుడు, ఇవే ప్రశ్నలు. ఉనికి గురించిన గొడవ పుస్తకాలు చదివినవాళ్లదేమోనని నాకు చాలాసార్లు అనిపిస్తుంది. నేనూ ఆ కోవలోవాణ్ణే.

తెలుగునాట నాస్తికుడన్న ఈ తిట్టును తీసుకుని తలపాగాలా చుట్టుకున్నవాడు గోరా. గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో దాన్ని విజయవాడకు మార్చాడు. హేతువాది, మానవవాది లాంటి మర్యాద పేర్లు చేతికందేలా ఉన్నా ఆయన నాస్తికుడన్నదే పట్టుకున్నాడు. లేదు అన్నచోట ఆగలేదు. దేవుడు లేడు కాబట్టి బాధ్యత మనిషిదే, కాబట్టి అంటరానితనం ఇవాళే పోవాలి అన్నాడు. కొడుకు లవణం దళిత కవి జాషువా కూతురు హేమలతను 1960లో పెళ్లి చేసుకున్నాడు. అంతకుముందు సేవాగ్రామంలో గాంధీతో గోరాకు నడిచిన మాటలు 1951లో పుస్తకంగా వచ్చాయి. దేవుడే సత్యం అంటూ వచ్చిన గాంధీ, అప్పటికే ఆ వాక్యాన్ని తిప్పి సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టి ఉన్నాడు. అలా తిప్పాక గోరా లాంటివాళ్లకు కూడా అందులో కూర్చోవడానికి చోటుంది. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు ఒప్పుకోకుండానే కలిసి పనిచేయడానికి సిద్ధపడ్డారు. మన టీవీ చర్చల్లో ఆ ఓపిక కనబడదు.

మా బిల్డింగ్‌లో ఇద్దరు తెలుగువాళ్లున్నారు, ఒకరు నాకన్నా పెద్ద, ఒకరు చిన్న. పెద్దాయన కబోర్డ్‌లో దేవుణ్ణి పెట్టుకుని రోజూ దీపం వెలిగిస్తాడు. పోయాక ఏమవుతామంటే మాత్రం ‘ఏమవుతాం, పోతే పోయినట్టే’ అంటాడు. చిన్నవాడు ఏ గుడికీ రాడు, ప్రసాదం చేతిలో పెట్టినా కళ్లకద్దుకోడు. వాళ్ల నాన్న తిథి నాడు మాత్రం మాంసం ముట్టడు, ఊళ్లో భోజనాలకు డబ్బు పంపుతాడు. ఎందుకంటే ‘ఆయనకు తెలుస్తుందిగా’ అంటాడు. కాశికావృత్తి ప్రకారం దీపం పెట్టేవాడు నాస్తికుడు, గుడికి రానివాడు ఆస్తికుడు. ఈ మాట పెద్దాయనతో అన్నాను. ఆయన ఒత్తి సరిచేసుకుంటూ, ‘సరే తమ్ముడూ, నన్ను నాస్తికుల్లోనే రాసుకో. శనివారం వ్రతం పెట్టుకున్నాం, హారతి ఏడింటికి. ఆ ఆస్తికుణ్ణి కూడా లాక్కురా, అరటిపళ్లు కొయ్యడానికి మనిషి కావాలి’ అన్నాడు.