పిలిచిన ప్రతిసారీ పలకాలా?

మనిషిని మనిషి పిలవటానికి ఒక హద్దు ఉందా? పిలుపు అందుకున్నవాడు ఎప్పుడు తప్పక పలకాలి, ఎప్పుడు పలకకపోయినా దోషం లేదు? పైకి ఇది చిన్న ప్రశ్నలాగే కనబడుతుంది. కాని నేడు మన ప్రతి ఇంట్లో, ప్రతి జేబులో ఈ ప్రశ్న రోజుకు ఎన్నోసార్లు మోగుతోంది. కుటుంబం గ్రూపు, మొహల్లా గ్రూపు, పిల్లల స్కూలు గ్రూపు, స్నేహితుల గ్రూపు... ఎవరో ఏదో కొత్తగా పెట్టారని ఫోను చప్పుడు చేస్తుంది. వంట చేసే చేయి ఆగిపోతుంది, తండ్రితో మాట్లాడే కొడుకు చూపు పక్కకు తిరుగుతుంది. తీరా చూస్తే ఒక పూల బొమ్మ, కింద ‘శుభోదయం’!

పూర్వం కబురు పంపటానికి ఖర్చయ్యేది. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. ఆ తంతికి మాటల లెక్కన డబ్బు కట్టేవారు. అందుకే పంపేవాడు ఒక్కొక్క మాటా తూచి రాసేవాడు. తంతి వచ్చిందంటే ఇంటిల్లిపాదీ లేచి నిలబడేవారు. ఇప్పుడు పంపేవానికి ఖర్చు దాదాపు లేదు. ఖర్చంతా అందుకునేవానిదే. అది పైసల్లో కాదు, ధ్యాసలో చెల్లించవలసిన ఖర్చు. మా దృష్టిలో సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

ధ్యాసకు వల

2009లో ఆపిల్ సంస్థ, 2010లో గూగుల్ సంస్థ తమ ఫోన్లలో ఒక కొత్త ఏర్పాటు తెచ్చాయి. మనం వెళ్ళి వెతకకుండానే కబురు తానే వచ్చి మన తలుపు తడుతుంది. ఇందులో మేలు లేదని మేమనటం లేదు. కాని చాలా కంపెనీలకు మనం ఎంతసేపు చూస్తే అంత ఆదాయం. కాబట్టి తట్టటం వాటి వ్యాపారం.

బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో పావురాలపై ప్రయోగాలు చేశాడు. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియకుండా చేసినప్పుడు పావురం విసుగు లేకుండా పొడుస్తూనే ఉండేది. గింజలు పడటం ఆగిన తరువాత కూడా అంత త్వరగా మానేది కాదు. పది చప్పుళ్ళలో ఏదో ఒకటి మంచి కబురు కావచ్చని ఫోనును మళ్ళీ మళ్ళీ చేతిలోకి తీసుకునే మనిషి స్థితి దీనికి భిన్నమైనదా? ఆలోచించండి.

ఫోను ముట్టుకోకపోతే నష్టం లేదని కొందరంటారు. 2015లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఫోను చూడకపోయినా సరే, చప్పుడు విన్నంత మాత్రాన చేస్తున్న పనిలో పొరపాట్లు పెరిగాయి. ఇది మనకు కొత్త సంగతి కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒకసారి చారల దుప్పటి కప్పుకొని నమాజు చేశారు. ఆ చారలు తమ ధ్యాసను మళ్ళించాయని దానిని అబూ జహమ్ (రజి)కు పంపివేసి, సాదా దుప్పటి తెప్పించుకున్నారు. గుడ్డ మీది చారల విషయంలోనే ఆయన అంత జాగ్రత్త వహించారు. మరి జేబులో మోగే వస్తువు మాటేమిటి?

తలుపు తట్టే మర్యాద

ఇతరుల ఇళ్ళలోకి అనుమతి కోరి, సలాం చెప్పిన తరువాతే ప్రవేశించాలని అన్నూర్ సూరా 27, 28 ఆయతులు బోధిస్తున్నాయి. తిరిగి వెళ్ళమంటే తిరిగి వెళ్ళాలి. ఇంటివానికి వద్దనే హక్కు ఉంది. అదే సూరా 58వ ఆయతు మరింత ముందుకు వెళుతుంది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత, ఈ మూడు సమయాల్లో ఇంట్లోని సేవకులు, చిన్నపిల్లలు కూడా అనుమతి అడిగే లోపలికి రావాలి. సొంత ఇంటి పిల్లలకే ఈ నియమమైతే, రాత్రి పదకొండు గంటలకు వందమంది పడక గదుల్లో ఒకేసారి మోగే సందేశం పంపేవాడు ఎవరి అనుమతి తీసుకున్నాడు?

హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఒకసారి హజ్రత్ ఉమర్ (రజి) ఇంటి వద్ద మూడుసార్లు అనుమతి కోరారు. జవాబు రాలేదు. ఆయన తిరిగి వెళ్ళిపోయారు. తరువాత ఉమర్ (రజి) కారణం అడిగితే, మూడుసార్లు అడిగినా అనుమతి రాకపోతే మరలిపోవాలన్న ప్రవక్త ఆదేశాన్ని వినిపించారు. ఆయన మనసులో అలక లేదు. మనమో, సందేశం పక్కన నీలి గుర్తులు చూసి, ‘చదివాడు, జవాబివ్వలేదు’ అని బంధువు మీద కక్ష పెంచుకుంటాం. అతని ఇంట జ్వరపడిన బిడ్డ ఉందేమో, చేతిలో పని ఉందేమో అని ఆలోచించం. చెడు అనుమానం పాపమన్న సంగతి ఇక్కడే మరచిపోతాం.

ప్రవక్త గదుల వెలుపల నిలబడి కేకలు వేసిన వారిని అల్‌హుజురాత్ సూరా మందలించింది. ఆయన బయటికి వచ్చేదాకా ఓపిక పట్టి ఉంటే వారికే మేలని తెలిపింది. పిలవటంలో కూడా ఓపిక ఒక సుగుణమని దీని నుండి గ్రహించాలి.

పలకవలసిన పిలుపు

అలాగని ఫోను కట్టిపెట్టి కూర్చోవటం ధర్మమా? కాదు. దైవప్రవక్త (సఅసం) నమాజు దీర్ఘంగా చేయాలనుకొని నిలబడి, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే తల్లి బాధను తలచి నమాజు కుదించేవారు. పూర్వ కాలపు భక్తుడు జురైజ్ నమాజులో ఉండగా తల్లి పిలిచింది. ఆయన పలకలేదు. తల్లి నొచ్చుకొని పెట్టిన శాపం ఆయనకు తగిలింది. అది నఫిల్ నమాజు కనుక తల్లికి పలికి ఉండవలసిందని ఉలమా వివరించారు.

కాబట్టి కొలబద్ద చప్పుడు కాదు, చప్పుడు వెనుక ఉన్న హక్కు. రియాద్‌లో రాత్రి 10 గంటలకు డ్యూటీ దిగిన కొడుకు ఫోను చేస్తే ఇక్కడ 12:30 అవుతుంది. ఆ తల్లికి అది భారం కాదు. ఆసుపత్రిలో రక్తం కావాలన్న కబురు, జనాజా కబురు, ఆర్డరు కోసం ఎదురుచూసే డెలివరీ కుర్రవానికి అన్నం పెట్టే చప్పుడు, ఇవన్నీ పలకవలసిన పిలుపులే. అన్నింటినీ ఒకే గాటన కట్టి ఒకే గంట మోగించటమే అన్యాయం. అప్పుడు పూల బొమ్మకూ తల్లి పిలుపుకూ తేడా ఉండదు. విసిగిన మనిషి చివరికి రెండింటినీ వదిలేస్తాడు.

మదీనాలో నమాజుకు ప్రజలను ఎలా పిలవాలన్న చర్చ వచ్చినప్పుడు కొందరు గంట అన్నారు, కొందరు కొమ్ము అన్నారు. చివరికి మనిషి గొంతే స్థిరపడింది. బిలాల్ (రజి) నోట అజాన్ వినిపించింది. అజాన్ ఎందుకు పిలుస్తున్నదో తానే చెబుతుంది, రోజుకు ఐదుసార్లే పిలుస్తుంది, వచ్చేందుకు వ్యవధినిస్తుంది, తరువాత మౌనం వహిస్తుంది. పిలుపు ఎలా ఉండాలో నేర్చుకోవటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంది?

సోదర సోదరీమణులారా! ఈ రోజే మీ ఫోను తెరచి చూడండి. హక్కుదారుల పిలుపు మోగనివ్వండి, తక్కిన గ్రూపుల నోరు మూయండి. వాటిని రోజులో ఒక వేళ మీరే వెళ్ళి చూడండి. మీరు పంపేటప్పుడు ‘ఇది ఇప్పుడే, ఇందరికీ అవసరమా?’ అని ఒక్క క్షణం ఆగండి. ఇషా తరువాత ఎవరి తలుపూ ఊరికే తట్టకండి. జవాబు రాకపోతే అబూ మూసా (రజి) వలె మరలిపోండి.

జీవితకాలం దేనిలో గడిపావని ప్రళయదినాన ప్రతి దాసుణ్ణీ ప్రశ్నించటం జరుగుతుంది. మన సమయాన్నీ, ఇతరుల సమయాన్నీ అమానతుగా భావించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.