ఫెయిలైంది ఎవరు?

ఐదో తరగతి పిల్లవాడు పరీక్ష తప్పాడు. అతన్ని మళ్ళీ అదే తరగతిలో కూర్చోబెట్టాలా, పై తరగతికి పంపాలా? పైకి ఇది బడి నిర్వహణకు సంబంధించిన చిన్న విషయంలా కనిపిస్తుంది. నిజానికి ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. ఒక పసివాడి మీద తీర్పు చెప్పే అర్హత పెద్దలకు ఎప్పుడు వస్తుంది?

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ ఆపకూడదని, బడి నుంచి తీసేయకూడదని నిర్దేశించింది. ఉద్దేశం మంచిదే. ఫెయిలన్న ముద్ర పడితే పేదింటి పిల్లలు సిగ్గుపడి బడి మానేస్తారు. ఆడపిల్లయితే ‘ఇక చదివింది చాల్లే’ అంటాం. అయితే అదే చట్టం మరో మాట కూడా చెప్పింది. పిల్లవాడికి ఏమి వచ్చిందో, ఏమి రాలేదో ఏడాది పొడవునా గమనిస్తూ ఉండాలంది. మొదటి మాట పాటించడానికి రిజిస్టరులో ఒక సంతకం చాలు. రెండోదానికి ఉపాధ్యాయుడు కావాలి, తీరిక కావాలి, ఓపిక కావాలి. చాలాచోట్ల మొదటిదే మిగిలింది. చదవడం రాని పిల్లవాడి చేతిలో పై తరగతి పుస్తకాలు పెట్టడం దయ కాదు, అతనికి అబద్ధం చెప్పడమే.

2019లో చట్టాన్ని సవరించి, 5, 8 తరగతుల్లో ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల నిర్ణయానికి వదిలారు. 2024 డిసెంబరులో కేంద్రం తన పరిధిలోని బడుల కోసం నిబంధనలు మార్చింది. ‘ఫెయిల్ మళ్ళీ వచ్చింది’ అన్న వార్త అందరికీ చేరింది. షరతులు ఎందరికి చేరాయి? తప్పినవారికి అదనపు బోధన జరపాలి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష పెట్టాలి. అప్పటికీ తప్పితేనే ఆపాలి. ఆపిన పిల్లలకు, అవసరమైతే తల్లిదండ్రులకూ, క్లాసు టీచరు దారి చూపాలి. ప్రధానోపాధ్యాయుడు వారి జాబితా పెట్టుకుని స్వయంగా కనిపెట్టి ఉండాలి. పరీక్ష బట్టీని కొలిచేదిగా ఉండకూడదు. ఇవన్నీ జరిగాక చెప్పిన తీర్పు వేరు, ఏదీ జరగకుండా చెప్పిన తీర్పు వేరు. నీరు పెట్టనివాడికి పంట పండలేదని నేలను తిట్టే హక్కు ఎక్కడిది?

బడిని అడిగే ముందు మన ఇంటినీ చూసుకుందాం. సంతానం అల్లాహ్ మనకప్పగించిన అమానత్ అంటాం. ఫీజు కట్టడంతో ఆ బాధ్యత తీరిపోయిందనుకుంటాం. మన ఇళ్ళలో ఎందరో పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో పాఠం వింటారు. అర్థం కాలేదని చెప్పడానికి కూడా వారికి మాట దొరకదు. దాన్నే మనం మొద్దుతనం అంటాం. (కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ కూడా అదే చట్టం బడిలో నిషేధించింది. ఇంట్లో మనల్ని ఆపేవారు లేరు.)

ఈసారి ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చినప్పుడు, ఎన్ని మార్కులని పిల్లవాణ్ణి నిలదీయకుండా, ఏ పాఠం దగ్గర ఆగిపోయాడో టీచరును అడుగుదాం. అది ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో మళ్ళీ చెబుతారో కూడా అడుగుదాం.