సొంతగడ్డ ఎవరికి దక్కాలి?

కష్టపడి సంపాదించుకున్నదానికీ, అయాచితంగా వచ్చి ఒళ్ళో పడినదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది తత్త్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. రాజమండ్రిలో ఏళ్ళ తరబడి డిగ్రీ పిల్లలకు దాన్ని పాఠంగా చెప్పాను. ఉద్యోగ విరమణ తరువాత పెన్సిల్వేనియాలో మా అమ్మాయి ఇంట ఉన్న రోజుల్లో, అమెరికా కాలేజీల ఐస్ హాకీ పోటీల్లో ఆ ప్రశ్న మళ్ళీ ఎదురైంది. గ్రంథాల్లో కూడా ఇంత సూటిగా ఎదురైనట్టు నాకు గుర్తులేదు.

ముందు పోటీ ఎలా నడుస్తుందో చెప్పాలి. అక్టోబరు నుంచి మార్చి దాకా సీజన్. పురుషుల విభాగంలో చివరికి మిగిలేది 16 జట్లు. ఆరు కాన్ఫరెన్సుల విజేతలకు నేరుగా చోటు, తక్కిన పదీ సీజన్ గెలుపోటముల లెక్కల మీద వస్తాయి. ఆ పదహారింటినీ నాలుగేసి చొప్పున నాలుగు ఊళ్ళకు పంచుతారు. ప్రతి ఊళ్ళోనూ ఆ లెక్కలనుబట్టే ఒకటి నుంచి నాలుగు దాకా సీడులు, అంటే ర్యాంకులు. మొదటి సీడు నాలుగో సీడుతో ఆడుతుంది. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఆరు నెలల శ్రమ అరవై నిమిషాల ఆటకు తాకట్టు పడుతుంది కాబట్టి, ఆ అరవై నిమిషాలూ ఎక్కడ ఆడాలన్నది చిన్న విషయం కాదు.

సీజన్ లెక్కలు వేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. 2013-14 నుంచి పరాయి ఊళ్ళో గెలిస్తే 1.2, సొంత ఊళ్ళో గెలిస్తే 0.8 అని విలువ కట్టారు. సొంతగడ్డ బలాన్నిస్తుందనీ, ఆ బలం ఆటగాడి ప్రతిభ కాదనీ ఒప్పుకున్నట్టే కదా. సీజనంతా అంత జాగ్రత్తగా తీసివేసిన ఆ బలాన్ని, తీరా మార్చి చివర్లో ఎవరికి ఇస్తారు? ఏళ్ళ ముందే బిడ్ వేసి, పోటీని తమ ప్రాంతానికి తెచ్చుకున్న విశ్వవిద్యాలయానికి. ఆతిథ్యమిచ్చే జట్టు అర్హత సాధిస్తే, దాని సీడు ఏదైనా సరే, ఆ ఊళ్ళోనే ఆడించాలన్నది నియమం.

2025 మార్చి 28, శుక్రవారం. పెన్సిల్వేనియాలోనే ఉన్న అలెన్‌టౌన్‌లోని పీపీఎల్ సెంటర్. ఆతిథ్యం పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానిది, సీడు నాలుగు. ఎదుట మొదటి సీడు, మేన్ విశ్వవిద్యాలయం. వారం ముందే హాకీ ఈస్ట్ కాన్ఫరెన్సు గెలుచుకుని వచ్చిన జట్టు అది. ఓరొనో అనే ఉత్తరాది చిన్న ఊరి నుంచి ఐదు వందల మైళ్ళకు పైగా దిగివచ్చారు. పెన్ స్టేట్ విద్యార్థులకైతే కారులో మూడు గంటల దారి. మా మనవడు పెన్ స్టేట్‌లోనే ఇంజనీరింగ్ చదువుతున్నాడు, నన్ను వాడే తీసుకెళ్ళాడు.

ఒకవైపు గ్యాలరీ ‘వీ ఆర్’ అని అరిస్తే రెండోవైపు ‘పెన్ స్టేట్’ అని బదులిస్తుంది. చలికోటు వేసుకుని కూర్చున్న నాకు ఆ హోరు పక్కటెముకల్లో తగిలింది. మేన్ అభిమానులు దూరంగా ఒక మూల కొద్దిమంది. నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది మాత్రం ఆ గోల కాదు. ఆట ఆగిన ప్రతిసారీ రెండు జట్లూ ఆటగాళ్ళను మార్చుకుంటాయి. అతిథి జట్టు ముందు దిగాలి. ఎవరు దిగారో చూసుకుని ఆతిథ్య జట్టు తనవాళ్ళను పంపుతుంది. ఎదుటివాళ్ళ మేటి ఆటగాడి మీదికి తన గట్టి డిఫెండర్లను తోలడానికి కోచ్‌కి దొరికే అవకాశం అదే. ఈ పోటీల్లో ఆ హక్కు ఊరినిబట్టి కాక సీడునిబట్టి ఇస్తారు. అంటే కాగితం మీద ఇంటివాళ్ళు మేన్ జట్టు. పెన్ స్టేట్ కుర్రాళ్ళు ముందు మంచు మీదికి దిగి నిలబడేవాళ్ళు, అవతలి కోచ్ తాపీగా చూసి తనవాళ్ళను పంపేవాడు. చుట్టూ ఉన్న వేలమంది గొంతులు మాత్రం ముందు దిగినవాళ్ళవే. సీడుకు ఇవ్వవలసింది ఏదో ఉందని నిర్వాహకులకు తెలుసు. తెలిసీ అందులో చిన్న ముక్క ఇచ్చి, పెద్ద ముక్క బిడ్ వేసినవారికి వదిలేశారు.

పెన్ స్టేట్ 5-1తో గెలిచింది. ఆ తరువాత కనెక్టికట్‌ను అదనపు సమయంలో 3-2తో ఓడించి, తమ చరిత్రలో తొలిసారి చివరి నాలుగు జట్లలో నిలిచింది. మనవడు ఎగిరి గంతేశాడు, నాకూ సంతోషంగానే ఉంది. ఆ కుర్రాళ్ళు నియమాలు రాయలేదు, ఇచ్చిన చోట ప్రాణం పెట్టి ఆడారు. నా ఫిర్యాదు వాళ్ళ మీద కాదు, చోటును నిర్ణయించిన నియమం మీద.

మన భారతంలో ధర్మరాజు జూదానికి ఎక్కడికి వెళ్ళాడు? హస్తినాపురానికి. ఆ జూదం కోసమే ధృతరాష్ట్రుడు కట్టించిన సభకు. అక్కడ దుర్యోధనుడి తరఫున శకుని పాచికలు వేస్తానంటే, ఒకరి బదులు మరొకరు ఆడడం సరికాదని ధర్మరాజు అభ్యంతరం చెప్పాడు. ఎవరు ఆడతారన్నది అడిగాడు. సభ ఎవరిదన్నది మాత్రం ఆయనకు అభ్యంతరం కాలేదు. అందరమూ అంతే. ఆటగాళ్ళ అర్హతను వెయ్యి కళ్ళతో చూస్తాం, చోటును మాత్రం గాలీ వెలుతురూలాగా సహజమనుకుని వదిలేస్తాం.

సొంతగడ్డ పై సీడుకే దక్కాలన్న నా వాదానికి గట్టి ఆక్షేపణ ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. అసలు సీడు మాత్రం సొంత సంపాదనేనా? జాన్ రాల్స్ 1971లో వెలువరించిన ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’ ఇక్కడ అడ్డం నిలుస్తుంది. పుట్టుకతో వచ్చిన ప్రతిభకు ఎవరూ అర్హులు కారంటాడాయన. కష్టపడే గుణం కూడా చాలావరకు పెరిగిన ఇంటి చలవే అంటాడు. శీతకాలమంతా చెరువులు గడ్డకట్టే మిన్నెసోటాలో పుట్టిన పిల్లవాడు నడక రాగానే స్కేట్లు కట్టుకుంటాడు. ఎండ తగ్గని టెక్సాస్‌లో పిల్లవాడికి మంచు కావాలంటే తండ్రి డబ్బు కట్టాలి. అదృష్టం సీడులోనూ ఉందిగదా, వేదికలో కాస్త ఉంటే తప్పేమిటని అడగవచ్చు.

లెక్కలు ఎంత సన్నగా తెగుతాయో 2018లో చూశారు. మిన్నెసోటా-డులూత్ జట్టుకు చిట్టచివరి చోటు దక్కింది, మిన్నెసోటా జట్టు బయట ఉండిపోయింది. రెంటికీ తేడా 0.0001. ఆ డులూత్ జట్టే ఆ ఏడాది ఛాంపియన్ అయింది, అదీ మిన్నెసోటా జట్టు పొరుగునే ఉన్న సెయింట్ పాల్‌లో. ఆ నాలుగో దశాంశ స్థానంలో అర్హత ఉందని ఏ తత్త్వవేత్తా నిరూపించలేడు.

అయినా రాల్స్ అక్కడితో ఆగలేదు. ఎవరు దేనికి అర్హులన్న నైతిక ప్రశ్నను పక్కన పెట్టి, నియమాలు ముందుగా ప్రకటించాక వాటిని నమ్మి నడుచుకున్నవాడికి ఒక న్యాయమైన హక్కు పుడుతుందన్నాడు. నాకు ఇదే సరైన దారిగా తోస్తుంది. సీడు ఆత్మల విలువకు తూకం కాదు, అది ఒక మాట. ఇన్ని ఆటలు గెలిస్తే ఇది నీది అని అందరితో సమానంగా చెప్పిన మాట. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు, దైవమనేది వేరే ఏమీ కాదు, మునుపు చేసిన ప్రయత్నమే అని రాముడికి బోధిస్తాడు. మార్చిలో జట్టు చేతికి వచ్చే సీడు అచ్చంగా అలాంటి దైవం, అక్టోబరు నుంచి చేసిన పౌరుషానికి ఫలం. వేదిక వెనక ఆ జట్టు పౌరుషం ఏదీ లేదు. ఆ బిడ్ వేసిన నాటికి ఆ సీజన్‌లో ఒక్క ఆటయినా మొదలు కాలేదు.

మనవడు నాతో గట్టిగా వాదించాడు. ‘తాతయ్యా, 2021లో ఫార్గోలో ఏం జరిగిందో తెలుసా?’ అన్నాడు. తెలుసుకున్నాను. ఆతిథ్యం నార్త్ డకోటాది, వాళ్ళ ఊరికి ఫార్గో 80 మైళ్ళే. దేశంలోనే మొదటి సీడు వాళ్ళది. మిషిగన్ జట్టులో కోవిడ్ బయటపడి పోటీ నుంచి తప్పుకోవడంతో, డులూత్ మొదటి ఆట ఆడకుండానే ముందుకు వచ్చింది. నార్త్ డకోటా మాత్రం శుక్రవారం ఆడి, మర్నాడు మళ్ళీ దిగింది. 0-2తో వెనకబడి, చివరి రెండు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి సమం చేసింది. ఆపైన ఆట ఐదో అదనపు సమయంలోకి పోయింది. డులూత్ గోలీ కండరాలు పట్టేసి తప్పుకుంటే మరొకడు వచ్చాడు. 142 నిమిషాల 13 సెకన్ల దగ్గర డులూత్ గోల్ కొట్టింది. ఆ పోటీల చరిత్రలో అంత పొడుగు ఆట లేదు.

సొంతగడ్డ ఉన్నా ఓడిపోయారుగా అన్నది వాడి వాదం. ఫలితం బట్టి న్యాయాన్ని కొలవకూడదన్నాను. నార్త్ డకోటాకు సొంతగడ్డ దక్కడం నా లెక్కలో సరైనదే, మొదటి సీడు కాబట్టి. అలెన్‌టౌన్‌లో అదే వరం నాలుగో సీడుకు దక్కింది. ఒకే నియమం ఒకచోట న్యాయం, మరొకచోట అన్యాయం చేస్తున్నదంటే, ఆ న్యాయం కూడా కాకతాళీయమే.

పోటీని ఖర్చుపెట్టి నిర్వహించినవారికి ప్రతిఫలం అక్కర్లేదా అంటే, ఉండాలి. టిక్కెట్ల ఆదాయం, పేరు, ఊరికి వ్యాపారం, అన్నీ తీసుకోనివ్వండి. ఆ ఖర్చుకు మరో జట్టు ఆరు నెలల కష్టాన్ని చెల్లించకూడదు.

దారి కొత్తగా వెతకనక్కర్లేదు. మహిళల పోటీల్లో మొదటి నాలుగు సీడులకు క్వార్టర్ ఫైనల్ వాళ్ళ సొంత రింక్‌లోనే జరుగుతుంది. పురుషుల్లోనూ 1992లో ఈ రీజినల్ పద్ధతి రాకముందు కాలేజీ రింకుల్లోనే ఆడేవారు. కనీసం మొదటి రౌండు మొదటి సీడు ఊళ్ళో పెట్టాలి. అదీ కుదరదంటే, ఆతిథ్య జట్టు మూడో సీడో నాలుగో సీడో అయినప్పుడు దాన్ని వేరే ఊరికి పంపాలి. అలెన్‌టౌన్‌లో ఆ రాత్రి మేన్ జట్టుకు జరిగినది అన్యాయమే. గెలిచిన జట్టు విద్యార్థికి తాతనై ఉండి కూడా ఈ మాట అంటున్నాను.