కొంచెం ఆలస్యంగా నవ్వే మనిషి

బిడ్డా,

మొన్న గణపతి నవరాత్రుల్లో సూరత్ లింబాయత్ పందిట్లో నువ్వు మరమగ్గాల, అదే మన సాంచాల, చప్పుడు నోటితో చేస్తుంటే నేను ముందు వరుసలోనే కూర్చున్నాను. నాడె కొట్టుకునే చప్పుడు, పోగు తెగితే సాంచ ఆగిపోయే చప్పుడు, ఆ వెంటనే మేస్త్రీ కేక. జీవితమంతా ఆ మోతలో గడిపిన ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నీ విద్య ఉత్తది కాదు. ఆ మాట ముందు చెప్పి, మిగతాది మొదలుపెడుతున్నాను.

ఆట అయ్యాక పందిరి వెనక్కి వచ్చాను. స్పీకర్ బాక్సుల పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నావు. పులిహోర ప్లేటు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఏమైందిరా అంటే జోకు వేసి నన్నూ నవ్వించి పంపేశావు. నీ వీడియో కింద ఎవడో రాసిన తిట్టు ఒకటి నీకు ముల్లులా దిగిందని మర్నాడు మీ అమ్మ చెబితే తెలిసింది. పందిరంతా నవ్విన రాత్రి నువ్వు అన్నం తినకుండా పడుకున్నావు. నాకు భయం వేసింది ఆ తిట్టుకు కాదు, నన్ను పంపించేయడానికి నువ్వు వేసిన జోకుకు.

ఇప్పుడు రింగు రోడ్డు మార్కెట్లో లెక్కల పని మానేసి పూర్తిగా కామెడీలోకి దిగుతానంటున్నావట. “జానీ లీవర్ పడలేదా కష్టాలు?” అని మీ బాపును అడిగావట. మంచి మనిషి పేరే ఎత్తావు. అయితే ఆయన కథ సగం విని లేవకు, మొత్తం విను.

ఆయన మనవాడే. 1957లో కనిగిరిలో పుట్టిన జనుమల జాన్ ప్రకాశరావు. మనం సూరత్ వచ్చినట్టే వాళ్లు పొట్ట చేతపట్టుకుని బొంబాయి చేరారు. ఏడో తరగతితో చదువు ఆగింది. సినిమా హీరోల గొంతులు అనుకరిస్తూ వీధుల్లో పెన్నులు అమ్మాడు. తర్వాత తండ్రి పనిచేసే హిందుస్తాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే కూలిపనికి కుదిరాడు. అక్కడ ఆఫీసర్లను అనుకరించి అందరినీ నవ్విస్తే తోటి కార్మికులు పెట్టిన పేరే జానీ లీవర్. నీకు ఇంతవరకే తెలుసు, ఇదే నచ్చింది.

ఆ ఫ్యాక్టరీ పనిని ఆయన మొదటి చప్పట్లకే వదల్లేదు. బరువులు మోస్తూ, పని దిగాక స్టేజీ ఎక్కుతూ ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాడు. షోల మీద ఇల్లు గడుస్తుందని తేలాకే 1981లో ఉద్యోగం మానాడు. కాబట్టి ఆయన పేరు చెప్పి నువ్వు ఇవాళ లెక్కల పుస్తకం మూసేయడం కుదరదు. ఆయన చేసింది నువ్వూ చెయ్యి: పగలు మార్కెట్, రాత్రి మైకు.

ఇంకొంచెం విను. తండ్రి తాగుడుతో నలిగిపోయి, చిన్న వయసులోనే బతుకు చాలించాలనుకున్నానని, తోబుట్టువుల ముఖాలు గుర్తొచ్చి వెనక్కి తిరిగానని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తోబుట్టువు పోయిన రోజునే వెళ్లి షో చేశానన్నాడు. తనకూ తాగుడు అలవాటైందని, దాన్ని మానేశానని దాచకుండా చెప్పాడు. ఇవి విని “ఎంత గొప్పవాడు” అని చప్పట్లు కొట్టడం తేలిక. ఇంట్లో శవం ఉన్న రోజు ముఖానికి నవ్వు తగిలించుకుని వెళ్లడం ఎంత బరువో ఆలోచించు. ఈ వృత్తి ఏం అడుగుతుందో ఆయన నీకు ముందే లెక్క రాసి ఇచ్చాడు.

కెమెరా ముందు కూర్చుని పాత కష్టం చెప్పుకోగలిగేది ఒడ్డెక్కినవాళ్లేనన్నది కూడా గుర్తుంచుకో. మునిగినవాళ్ల మాట మనదాకా రాదు. 1949లో గుణసుందరి కథ సినిమా వచ్చినప్పుడు హాస్యనటుడు కస్తూరి శివరావు పేరు చెబితే జనం విరగబడేవారు. 1966లో పోయేనాటికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. మరో హాస్యనటుడు రాజబాబు తన పుట్టినరోజున పాత నటులను పిలిచి సత్కరించేవాడు. జనం ఎంత త్వరగా మరిచిపోతారో తెలిసినవాడి పని అది. ఆయన యాభై నిండకుండానే 1983లో వెళ్లిపోయాడు. నువ్వు ఎప్పటికైనా నిలబడాలనుకుంటున్న పాల్ ఆడిటోరియానికి ఎవరి పేరుంది? ఈ ఊళ్లోనే పుట్టిన సంజీవ్ కుమార్ పేరు. 1982లో అంగూర్ సినిమాలో రెండు వేషాలు వేసి దేశాన్ని నవ్వించిన మనిషి, మూడేళ్లకే గుండె జబ్బుతో పోయాడు. నలభై ఏడేళ్లు. రాత్రి షోలు, వేళకు తిండి లేకపోవడం నీకు ఇప్పటికే మొదలయ్యాయి.

నా సంగతీ చెబుతాను. సిరిసిల్లలో ఉన్నప్పుడు బుర్రకథలో నేను హాస్యం వంత. ఒక ఊళ్లో తెల్లారేదాకా కథ చెప్పించుకుని, పొద్దున్నే డబ్బుల మనిషి కనిపించకుండా పోయాడు. డక్కీ భుజాన వేసుకుని నడిచి ఇంటికొచ్చాను. మా నాన్న అడిగితే దాన్నీ కథగా చేసి నవ్వించాను. ఆ కోపం, ఆ సిగ్గు ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాదే కథ మానేశాను. ఎందుకు మానేశానో మీ బాపుకు కూడా ఇన్నేళ్లూ తెలియదు. అందుకే చెబుతున్నా: సగం డబ్బు ముందే తీసుకో, మాట కాగితం మీద పెట్టించుకో. అవమానమైతే ఆ రాత్రే ఎవరికో ఒకరికి చెప్పు. దాన్ని జోకు చేయడం తర్వాత చేయొచ్చు.

మన సిరిసిల్ల వేణు ఎల్దండిని చూడు. టీవీ స్కిట్లలో నవ్వించి, 2023లో బలగం సినిమా తీశాడు. చావింటి దుఃఖాన్ని మన యాసలోనే చూపించాడు. నవ్వించేవాడు ఏడుపు దాచుకోనక్కర్లేదు.

నిన్ను ఆపడం లేదు బిడ్డా. ఒక్కటే కోరుతున్నా. ఎవరి ముందు నవ్వించాల్సిన అవసరం లేదో, అలాంటి మనిషిని ఒకరిని ఉంచుకో.

ఆ మనిషి నీ ఇంట్లోనే ఉన్నాడు. మీ బాపుకు సాంచాల మోతతో చెవులు దెబ్బతిన్నాయి. పందిట్లో నువ్వు గమనించావో లేదో, అందరూ నవ్వాక కొంచెం ఆలస్యంగా నవ్వుతాడు. నీ మాట వినపడక పక్కవాళ్ల ముఖాలు చూసి నవ్వుతున్నాడు. నీ కొడుకు ఏమన్నాడని నేను అడిగితే, “ఏమన్నాడో తెల్వదు, మంచిగనే అని ఉంటడు” అన్నాడు.

ఈ ఆదివారం మైకు పక్కన పెట్టి ఆయన మంచం మీద కూర్చో. ముఖం ఎదురుగా పెట్టి, మెల్లగా, గట్టిగా మాట్లాడు. ఆ తిట్టు సంగతితో మొదలుపెట్టు. అలా మాట్లాడితే ఆయనకు ప్రతి మాటా వినపడుతుంది.

నీ పెద్దబాపు