మామగారు చూసింది

నేటి వాక్యభాగం: నిర్గమకాండము 18:13–27

కొడంగల్ పక్కన చిన్న పల్లె మా చిన్నమ్మ వాళ్లది. చిన్నమ్మ కొడుక్కి ఫోను ఉంటే అన్నం కూడా గుర్తుకు రాదు. వాళ్లింట్లో బల్బు నోటిమాటకు వెలుగుతుంది. మిద్దె మీది ట్యాంకు నిండితే మోటరు దానంతటదే ఆగుతుంది. గేటు దగ్గర ఎవరు నిలబడ్డారో వాడు హైదరాబాదులో ఉండి చూస్తాడు. "రోజుకు గంటన్నర మిగిలిస్తున్న అక్కా" అని పోయిన క్రిస్మస్‌కు లెక్క చెప్పాడు. ఆ గంటన్నర ఏం చేస్తున్నావురా అంటే నవ్వాడు. ఫోను చూస్తాడు, ఇంకేం చేస్తాడు.

అలాగని వాడి పిచ్చిని తీసిపారేయలేను. వాళ్ల నాన్న రాత్రిళ్లు బోరు కాడికి పోయిన రోజులు నాకు గుర్తు. త్రీఫేజ్ కరెంటు ఏ ఒంటిగంటకో రెండింటికో వచ్చేది. టార్చిలైటు ఒక చేత, కర్ర ఒక చేత పట్టుకుని చేనుకు నడిచేవాడు. ఆయన తిరిగొచ్చి వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా చిన్నమ్మ మంచం మీద కూర్చుని ప్రార్థన చేసేది. చీకట్లో పాములు, తడిచేతులకు తగిలే స్టార్టరు డబ్బాలు ఎన్ని ఇళ్లను కూల్చాయో మా వైపు ఎవరినడిగినా చెబుతారు. కరెంటు రాగానే మోటరును తానే నడిపే ఆటో స్టార్టరు వచ్చినప్పుడు చిన్నమ్మ దాన్ని దేవుడి మేలుగానే లెక్కబెట్టింది. తర్వాత 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల కరెంటు మొదలైంది. ఆ ఆటో స్టార్టర్లనే తీసెయ్యమని అధికారులు ఊరూరా చెప్పారు. కరెంటు పోదు కాబట్టి మోటరు ఆగదు, భూమిలో నీళ్లు అడుగంటుతాయి. డబ్బా అదే. దాని పక్కన మనిషి లేకపోవడం ఒకప్పుడు మేలైంది, ఇప్పుడు కీడైంది.

ఇవాళ్టి భాగంలో యిత్రో తన అల్లుడు మోషే దగ్గరికి వచ్చాడు. కూతురు సిప్పోరాను, ఇద్దరు మనుమలను వెంటబెట్టుకొచ్చాడు. మరునాడే మోషే తీర్పు తీర్చడానికి కూర్చున్నాడు. ఉదయం నుంచి సాయంత్రం దాకా జనం నిలబడే ఉన్నారు. అన్నాళ్లకు వచ్చిన భార్యాబిడ్డలు ఆ పగలంతా ఏం చేశారో వాక్యం చెప్పదు. ఆడపిల్ల తండ్రి కదా, ఆయన కన్ను అటు పోకుండా ఉంటుందా? ఇది నా ఊహే అనుకోండి. వాక్యంలో ఉన్న సంగతి మాత్రం గట్టిది: అల్లుడి అలసటతో పాటు, నిలబడ్డ జనం అలసటనూ ఆయన చూశాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కో పెద్ద అన్న ఏర్పాటు ఆ తర్వాతి మాట. మామ చెబితే అల్లుడు మారుమాట లేకుండా విన్నాడు. మన ఇళ్లలో అయితే దాన్నొక అద్భుతంగా రాసుకోవాలి.

18వ అధ్యాయం అక్కడ ముగుస్తుంది. 19లో మోషే సీనాయి కొండ ఎక్కుతున్నాడు. పొద్దంతా జనం తగవుల మధ్యే కూర్చున్న మనిషికి కొండెక్కే తీరిక ఎక్కడిది?

యిత్రోలాగే ఇంకొకరి అలసట చూసిన చింతకింది మల్లేశం సంగతి మా వాడికి, చిన్నమ్మ కొడుక్కి, చెప్పాను. ఆలేరు వైపు శారాజీపేట ఆయనది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే మేకుల మీదుగా దారాన్ని దాదాపు 9,000 సార్లు పైకీ కిందికీ తిప్పాలి, చీరకు నాలుగైదు గంటలు. వాళ్లమ్మ లక్ష్మి భుజం ఆ పనికే అరిగిపోయింది. 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, నవ్వులపాలై, 1999కి ఆయన యంత్రం తెచ్చాడు. చీర పని గంటన్నరకు దిగింది. యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

"అమ్మకేం కష్టముంది అక్కా, ఇంట్ల అన్నీ పెట్టిన గద" అన్నాడు మా వాడు.

అప్పటికి పొద్దు గూకింది. చిన్నమ్మ నల్లా కాడి నుంచి బర్ల తొట్టికి బకెట్లు మోస్తోంది. నేను అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాను. పద్నాలుగు. పక్కనే ఉన్న వాడు పదో బకెట్ కాడికి ఫోను జేబులో పెట్టుకున్నాడు. మరునాడు కొడంగల్ బజారుకు పోయి పైపు కొనుక్కొచ్చాడు. యాప్ లేదు, సెన్సరు లేదు. నల్లాకు ఒక కొస, తొట్టిలో ఒక కొస.

మొన్న ఫోన్ చేసి, ఆ పని తప్పాక మాపటిపూట ఏం చేస్తున్నవని చిన్నమ్మను అడిగాను. "ఏం జేస్త బిడ్డా, జరసేపు ఊకె కూసుంట" అంది. మొదటి బకెట్ మాత్రం ఇప్పటికీ తనే మోస్తుంది. పైపు చప్పుడుకు దూడ బెదురుతుందట.

ప్రార్థన: ప్రభువా, పద్నాలుగు బకెట్లు లెక్కపెట్టడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది. క్షమించు. ఇవాళ మాపటికి చిన్నమ్మ కూర్చున్నప్పుడు, కాసేపు ఆమెను ఎవరూ పిలవకుండా చూడు. ఆమెన్.