‘పరీక్షించలేదు’ అనే మాట: అజ్ఞానం, మౌనం, విక్రేత ధర్మం

వాడిన ఎలక్ట్రానిక్ వస్తువులను అంతర్జాలంలో అమ్మేవారి ప్రకటనలలో ఒక మాట పదేపదే కనిపిస్తుంది. ఆంగ్లంలో దానిని ‘అన్‌టెస్టెడ్’ అంటారు. జపాను వేలం ప్రకటనలలో ‘దోసా మికకునిన్’ అంటారు. పనిచేస్తుందో లేదో నిర్ధారించలేదని దాని భావం. తెలుగులో చెప్పాలంటే ‘పరీక్షించలేదు’. పాత కెమెరా, ల్యాప్‌టాప్, ఆంప్లిఫయరు, హార్డ్ డిస్కు ఏదైనా కావచ్చు. కొన్నవాడు డబ్బు చెల్లిస్తాడు, వస్తువు చేరుతుంది, పనిచేయదు. ‘ఇది చెడిపోయిందని మీకు తెలుసు’ అని కొన్నవాడు ఆరోపిస్తాడు. ‘పరీక్షించలేదని ముందే రాశాను’ అని అమ్మినవాడు సమాధానమిస్తాడు. అమ్మినవాడి మాట అక్షరాలా నిజం కావచ్చు. కొన్నవాడి ఆక్రోశం కూడా న్యాయమైనదే కావచ్చు. చెడిపోయిందని చూసి కూడా ‘పరీక్షించలేదు’ అని రాసినవాడి విషయంలో విచారించవలసిందేమీ లేదు, అది అబద్ధం. నిజం చెబుతూనే ఎదుటివాడికి అన్యాయం చేయడం సాధ్యమా అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న.

ముందుగా మాట స్వరూపాన్ని చూడాలి. ‘అన్‌టెస్టెడ్’ అన్నది విశేషణం. నలుపు, బరువు అన్నట్లుగా అది వస్తువుకు అంటుకొని, వస్తువు గుణమే అయినట్లు కనిపిస్తుంది. అక్కడ కర్త ప్రసక్తి లేదు. తెలుగులో ‘పరీక్షించలేదు’ అన్నది వ్యతిరేక క్రియారూపం. కర్తను చెప్పకపోయినా కర్త అపేక్ష మిగిలే ఉంటుంది: ఎవరు పరీక్షించలేదు? ఈ రూపంలో మరొక విశేషం కూడా ఉంది. ‘ఆమె పరీక్షించలేదు’ అంటే ఆ పని జరగలేదనీ అర్థమే, ఆ పని చేసే సామర్థ్యం ఆమెకు లేదనీ అర్థమే. ఉత్తమ పురుషలో ‘పరీక్షించలేదు’, ‘పరీక్షించలేను’ అని విడిపోయే ఈ రెండర్థాలు ప్రథమ పురుష అమహదేకవచనంలో ఒకే రూపంలో కలిసిపోతాయి. సందర్భాన్ని బట్టి ఏ అర్థమో శ్రోత తేల్చుకుంటాడు. అయితే ఈ రెండింటికీ అందని మూడవ అర్థం ప్రకటన వెనుక దాగి ఉండవచ్చు: ‘పరీక్షించదలచుకోలేదు’. వివాదమంతా ఈ మూడవదాని చుట్టూనే తిరుగుతుంది.

పరీక్షించకపోవడానికి న్యాయమైన కారణాలు లేకపోలేదు. దశాబ్దాలుగా మూలపడి ఉన్న వాల్వు రేడియోను తిన్నగా కరెంటుకు కలపడం ప్రమాదం. అందులోని కెపాసిటర్లు వయసు మీరి ఉంటాయి, ఒక్కసారిగా పూర్తి వోల్టేజి తగిలితే అవి పాడై, మిగిలిన భాగాలనూ పాడుచేయవచ్చు. తెలిసినవారు వోల్టేజిని మెల్లమెల్లగా పెంచి చూస్తారు. ఆ సాధనం, నేర్పు లేని ఇంటివారు దానిని ముట్టుకోకుండా అమ్మడమే మంచిది. చార్జరు లేని ల్యాప్‌టాప్, ఫిల్ములు దొరకని ప్రొజెక్టరు కూడా ఇటువంటివే. తూకానికి పాత సామాను కొని విడివిడిగా అమ్ముకొనే చిన్న వ్యాపారికి ఒక్కొక్క వస్తువునూ పరీక్షించే తీరిక లేకపోవడాన్ని కూడా అర్థం చేసుకోవచ్చు. కానీ రెండు పెన్సిల్ బ్యాటరీలతో పనిచేసే క్యాసెట్ ప్లేయరును నాలుగు కోణాలలో శ్రద్ధగా ఫొటోలు తీసి, తుడిచి మెరిపించి, దాని మోడల్ సంఖ్యను, అరుదైన రంగును వర్ణించి, చివర ‘పరీక్షించలేదు’ అని రాసినవాడి సంగతి వేరు. అన్నిటికీ తీరిక దొరికి, బ్యాటరీలు వేయడానికే దొరకలేదంటే నమ్మడం కష్టం.

విక్రేత ఎంతవరకు చెప్పాలన్న చర్చ చాలా పాతది. క్రీ.పూ. 44లో సిసెరో రచించిన ‘దె ఒఫీకీస్’ మూడవ భాగంలో ఇద్దరు స్టోయిక్ తత్త్వవేత్తలు, బాబిలోనుకు చెందిన డయోజెనిస్, అతని శిష్యుడు ఆంటిపేటర్, ఇటువంటి ప్రశ్న మీదనే విభేదిస్తారు. అనారోగ్యకరమైనదీ, పడక గదులలో పాములు తిరిగేదీ అయిన ఇంటిని అమ్మేవాడు ఆ సంగతి కొనేవాడికి చెప్పాలా? చట్టం అడిగినంత చెబితే చాలునని, కొనమని ఎవరినీ బలవంతపెట్టలేదని గురువు వాదన. చెప్పకపోవడం దారి తప్పినవాడికి దారి చూపకపోవడం కన్నా హీనమని శిష్యుడి వాదన. సిసెరో శిష్యుడి వైపే మొగ్గుతాడు. ఊరకే మాట్లాడకపోవడం దాచడం కాదని, తనకు తెలిసినదాన్ని, తెలుసుకోవలసిన అవసరం ఉన్నవారికి, స్వలాభం కోసం తెలియకుండా ఉంచడమే దాచడమని అతని నిర్ణయం. నిర్వచనం చక్కగానే ఉంది. అయితే మన విక్రేత దానికి చిక్కడు. ‘తనకు తెలిసినదాన్ని’ అన్న షరతు దగ్గరే అతడు జారిపోతాడు. అతడికి ఏమీ తెలియదు. తెలియకుండా జాగ్రత్తపడ్డాడు.

భారత ఒప్పందాల చట్టం కూడా ఈ గీతను దాదాపు ఇక్కడే గీసింది. 1872 నాటి ఆ చట్టం 17వ సెక్షనులో గుర్రం ఉదాహరణలున్నాయి. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ దాని స్థితిని గురించి ఏమీ చెప్పకపోవడం మోసం కాదు. కొనేది ఇటీవలే మైనారిటీ తీరిన కూతురైతే మాత్రం ఆ సంబంధం వల్ల చెప్పవలసిన బాధ్యత ఏర్పడుతుంది. ‘నీవు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటాను’ అని కొనేవాడు అన్నప్పుడు మౌనం మాటతో సమానమవుతుంది. చర్చలలో అంతగా పట్టించుకోని చిన్న మాట ఒకటి అదే సెక్షనులో ఉంది: ఒక సంగతి తెలిసినవాడే కాక, దానిని నమ్ముతున్నవాడు దానిని పూనుకొని మరుగుపరచినా మోసమే. జ్ఞానంతో పాటు నమ్మకాన్ని కూడా చట్టం లెక్కలోకి తీసుకున్నది. ఇక 19వ సెక్షను మినహాయింపు ప్రకారం, సాధారణ శ్రద్ధతో నిజాన్ని తెలుసుకొనే అవకాశం ఉన్నవాడు మోసపూరితమైన మౌనాన్ని సాకుగా చూపి ఒప్పందాన్ని రద్దు చేసుకోలేడు. హైదరాబాదు అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో పాత ఫోను కొనేవాడు దుకాణం ముందే దానిని ఆన్ చేసి, తెర మీద వేలు ఆడించి, సిమ్ వేసి చూస్తాడు. ఆ మినహాయింపు అతడికి సరిపోతుంది. వందల మైళ్ల దూరంలో ఫొటో మాత్రమే చూసినవాడికి శ్రద్ధ ఎంత ఉన్నా అవకాశం లేదు. దూరం పరీక్షా సాధనాన్ని ఒక్క విక్రేత చేతిలోనే ఉంచింది.

ఈ విషయంలో మన ధర్మశాస్త్రాలు వేసుకున్న ప్రశ్న భిన్నమైనది. కొన్న తరువాత కలిగే పశ్చాత్తాపాన్ని అవి ‘క్రీతానుశయం’ అన్న పేరుతో ఒక వ్యవహారపదంగానే గుర్తించాయి. యాజ్ఞవల్క్య స్మృతి విత్తనాలకు 10 రోజులు, ఇనుముకు 1, బరువులు మోసే పశువులకు 5, రత్నాలకు 7, పాడి పశువులకు 3 రోజుల చొప్పున పరీక్షా కాలాన్ని నిర్ణయించింది. అదే శ్లోకం దాసీదాసులకూ గడువు చెప్పిందన్నది మరచిపోరాదు. ఆ నీతి కొనేవాడి నీతి, కొనుగోలుకు గురైన మనిషిది కాదు. అయినా అందులోని తర్కం విలువైనది. విత్తనం మొలకెత్తడానికి పట్టే కాలం ఒకటి, ఆవు పాలు తెలియడానికి పట్టే కాలం మరొకటి. వస్తువు స్వభావాన్ని బట్టి దాని నిజం బయటపడే వేళ మారుతుంది. పరీక్ష కొనేవాడి హక్కు అని ఆ శాస్త్రం భావించింది. యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ రచించడంతో వ్యవహార ధర్మం తెలుగు పద్యంలోకి వచ్చింది. ఆ గ్రంథాన్ని భాషా చరిత్రకు ఆకరంగా చదివినంతగా నీతి విచారణకు ఆకరంగా మనం చదవలేదేమో అనిపిస్తుంది.

తెలియకుండా జాగ్రత్తపడటం ఎప్పుడు దోషమవుతుంది? 1877లో విలియం క్లిఫర్డ్ తన ‘నమ్మకపు నీతి’ వ్యాసంలో ఒక నౌకాయజమాని కథ చెప్పాడు. ఓడ పాతబడిందన్న అనుమానాన్ని అణచుకొని, అది క్షేమంగా చేరుతుందని చిత్తశుద్ధితోనే నమ్మి, ప్రయాణికులను ఎక్కించి పంపిన యజమాని దోషి అని క్లిఫర్డ్ తీర్పు. ఆ సాక్ష్యం మీద అలా నమ్మే హక్కు అతడికి లేదు. మన విక్రేత ఇంతకంటె తెలివైనవాడు. ‘బాగుంది’ అని అతడు నమ్మడు, చెప్పడు, నమ్మకమే లేదంటాడు. క్లిఫర్డ్ ఆధారం లేని నమ్మకాన్ని తప్పుపట్టాడు, ఇక్కడ ఆధారాన్ని తప్పించుకొని సంపాదించిన సంశయం ఉంది. నా దృష్టిలో రెండింటి మూలం ఒకటే: విచారణ ఫలితం తనకు నష్టమన్న భయంతో విచారణనే మానుకోవడం.

ఆ సంశయం నిజమైనదేనా అని కూడా అడగవలసి ఉంది. పనిచేస్తుందని నిరూపితమైన వస్తువుకు మంచి ధర వస్తుంది. పరీక్షకయ్యే ఖర్చు రెండు బ్యాటరీలు, అయిదు నిమిషాలు. అయినా పరీక్షించలేదంటే, ఫలితం అనుకూలంగా రాదని అతడు లోలోపల నమ్ముతున్నాడనే ఊహించాలి. అప్పుడు 17వ సెక్షనులోని ‘నమ్మకం’ అన్న మాట ప్రాణం పోసుకుంటుంది. పరీక్షకయ్యే శ్రమ పెరిగేకొద్దీ ఈ ఊహ బలహీనపడుతుంది. వాల్వు రేడియో విషయంలో అది నిలవదు. కనుక పరీక్షించి తీరాలన్న సార్వత్రిక బాధ్యతను నేను ప్రతిపాదించడం లేదు. ఎందుకు పరీక్షించలేదో చెప్పవలసిన బాధ్యత మాత్రం తప్పించుకోలేనిదని నా అభిప్రాయం. కారణం విక్రేతకు ఎప్పుడూ తెలిసినదే. ఆ విషయంలో అజ్ఞానం అన్న సాకు పనికిరాదు.

ధర తగ్గించాను కదా, అది జూదమని ఇద్దరికీ తెలుసు కదా అన్న ఆక్షేపణను తేలికగా తోసివేయకూడదు. కొనేవారిలో చాలామంది ఆ జూదాన్ని కోరుకొనే వస్తారు. ‘పరీక్షించలేదు’ అన్న వస్తువు చక్కగా పనిచేస్తే, మిగిలిన విలువను విక్రేతకు పంపినవాడిని ఎవరూ చూసి ఉండరు. కొందరు కొనుగోలుదారులకు ఆ వస్తువు విలువ అమ్మేవాడి కంటె బాగా తెలుసు. అతడి అమాయకత్వమే వారి లాభం. ఆక్రోశించేవాడు అన్నివేళలా అమాయకుడు కాడు. అయితే జూదం న్యాయంగా ఉండాలంటే పాచికల బరువు ఇద్దరికీ తెలియకుండా ఉండాలి. ఒకడు పాచికను చేతిలో పట్టుకొని, కావాలని తూచకుండా ఇచ్చినప్పుడు ఆట సమానం కాదు.

ఈ వ్యవహారంలో అతి పెద్ద నష్టం కొన్నవాడిది కూడా కాదని నాకు అనిపిస్తుంది. జార్జ్ అకర్‌లాఫ్ 1970లో పాత కార్ల సంత మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, మంచి చెడ్డలు కొనేవాడికి తెలియనప్పుడు చెడ్డ సరుకు మంచి సరుకును సంత నుంచి వెళ్లగొడుతుందని చూపాడు. ఇక్కడ మాటకు కూడా అదే గతి పట్టింది. అనుభవజ్ఞులు ‘పరీక్షించలేదు’ అన్న మాటను ‘చెడిపోయింది’ అనే చదువుతారు. చనిపోయిన తండ్రి అటక మీద వదిలి వెళ్లిన టేప్ రికార్డరును అమ్మదలచిన కూతురు, నిజంగానే దానిని ఎలా నడపాలో తెలియక, అదే మాట రాస్తుంది. ఆమె నిజం చెప్పింది, ఎవరూ నమ్మరు. ఆమె చెప్పదలచుకున్నదానికి భాషలో మిగిలిన మాట లేదు. అబద్ధమాడేవాడు ఒక్కొక్క కొనుగోలుదారుణ్ణే మోసగిస్తాడు. నిజాన్ని ఈ విధంగా వాడుకొనేవాడు నిజం చెప్పేవారి నోటి నుంచి మాటను లాక్కుంటాడు.

చట్టాలు ఇక్కడ కొంతవరకే తోడ్పడతాయి. జపాను పౌరస్మృతి 572వ అధికరణం, బాధ్యత లేదని ముందే ఒప్పందం చేసుకున్నా, తెలిసీ చెప్పని లోపాలకు విక్రేత బాధ్యుడేనంటుంది. అక్కడా ‘తెలిసీ’ అన్నదే కీలకం. ఈబే వంటి సంతలు ‘విడిభాగాలకు, లేదా పనిచేయనిది’ అన్న వర్గాన్ని విడిగా ఏర్పరచాయి. సందేహమున్న విక్రేత వస్తువును ఆ వర్గంలో పెడితే ధర పడిపోతుంది, కొనేవాడు మాత్రం మోసపోడు. అటక మీది టేప్ రికార్డరుకు ఆ వర్గం కూడా సరిపోదు. అది పనిచేయనిదని ఎవరూ తేల్చలేదు. దాని ప్రకటన కొంచెం పొడవుగానే ఉండాలి: మా నాన్నగారిది, పదేళ్లుగా అటక మీద ఉంది, తీగ తెగి ఉంది, కరెంటు పెట్టడానికి భయపడ్డాను, లోపల ఎలుకలు కొరికిన గుర్తులు కనబడలేదు.